మెకాంకీ, మానిటాల్ సాల్ట్, ఎక్స్‌ఎల్‌డీ: మా ల్యాబ్‌లో సెలెక్టివ్ ప్లేట్లు ఎట్లా పోస్తామంటే

జూన్‌లో సూర్యాపేట నుంచి ఒకమ్మాయి మా ల్యాబ్‌లో ట్రైనింగ్‌కు చేరింది. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, మార్కులు బాగానే ఉన్నాయి. మొదటి రోజే, ఉప్పల్ వైపు ఒక హాస్టల్ నుంచి వచ్చిన ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ల శాంపిల్ ముందు పెట్టి, దీనికి ఏ మీడియా, అంటే బాక్టీరియాను పెంచే మేత, పోద్దామమ్మా అని అడిగా. "ఈ.కోలై పెరిగేది పోద్దాం మేడమ్" అంది. ఈ.కోలై అంటే పేగుల్లో ఉండే బాక్టీరియా. పెరగడానికి దానికి మన దయ అక్కర్లేదు, రాత్రి మిగిలిన పప్పుచారులో కూడా పెరుగుతుంది. ఆ నీళ్లలో దాంతోపాటు ఇంకా ఎన్ని రకాలుంటాయో చెప్పలేం. వాటిలో ఎవరిని ఆపాలో ముందు తేల్చుకో, ఏ డబ్బా తీయాలో అప్పుడు అదే తెలుస్తుంది అన్నాను.

నేను హబ్సిగూడలో ఒక చిన్న ఫుడ్, వాటర్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తున్నా. ఈ పనిలోకి వచ్చి 22 ఏళ్లు. ఆ అమ్మాయికి రోజూ ముక్కలు ముక్కలుగా చెప్పినవే ఇక్కడ ఒకచోట రాస్తున్నా. ఇది ల్యాబ్‌లో ఉన్నవాళ్ల కోసం. ఇంట్లో సరదాకు చేసే పని కాదు. ప్లేటు (మీడియం పోసిన చిన్న పళ్లెం) మీద ఆవగింజంత కాలనీలో, అంటే ఒకచోట పెరిగిన గుంపులో, లక్షలకు లక్షల బాక్టీరియా ఉంటాయి, అవేమిటో మీకు ముందే తెలియదు.

ఆపేది వేరు, చూపించేది వేరు

ఇంట్లో ఆవకాయ కలిపేటప్పుడు ఉప్పు తగ్గితే ఏమవుతుందో అందరికీ తెలుసు. నెల తిరక్కుండానే బూజు. ఉప్పు సరిగ్గా పడితే ఏడాది నిలుస్తుంది. మానిటాల్ సాల్ట్ అగార్ (అగార్ అంటే మీడియంను జెల్లీలా గట్టిపరిచేది) చేసేది కూడా సరిగ్గా ఆ పనే. అందులో 7.5 శాతం ఉప్పు ఉంటుంది, అంటే లీటరుకు 75 గ్రాములు. మామూలు మీడియాలో లీటరుకు 5 గ్రాములే వేస్తాం. అంత ఉప్పులో చాలా బాక్టీరియా లేవలేవు. స్టెఫైలోకాకస్ జాతికి మాత్రం అది అలవాటే, చెమట పట్టే చర్మం మీద బతికే రకం కదా. ఈ ఆపే గుణాన్నే సెలెక్టివ్ అంటాం.

ఇక అదే ప్లేటులో మానిటాల్ అనే చక్కెర, ఫినాల్ రెడ్ అనే రంగు ఉన్నాయి. స్టెఫైలోకాకస్‌లలో ఆరియస్ అనే రకం మానిటాల్‌ను తిని ఆమ్లం వదులుతుంది, చుట్టూ ఎర్రగా ఉన్న మీడియం పసుపుగా మారుతుంది. చర్మం మీద మామూలుగా ఉండే ఎపిడెర్మిడిస్ దాన్ని తినదు, ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఇది ఆపడం కాదు, చూపించడం. దీన్ని డిఫరెన్షియల్ అంటాం. ఇంటర్వ్యూకు వచ్చే పిల్లలు నూటికి తొంభైమంది ఈ రెంటినీ కలిపేస్తారు. ఒకే ప్లేటు రెండు పనులూ చేస్తుంది కాబట్టి ఆ తికమక.

మెకాంకీ సంగతికొస్తే, ఆల్ఫ్రెడ్ మెకాంకీ 1905లో దీని గురించి రాశాడు. పేగుల్లో బతికే బాక్టీరియాకు పైత్యరసం కొత్త కాదు, బయటివాటికి పడదు. అందుకే బైల్ సాల్ట్స్, అంటే పైత్యరస లవణాలు, వేశారు. దానికితోడు క్రిస్టల్ వయొలెట్ అనే రంగు, లీటరుకు కేవలం 1 మిల్లీగ్రాము. ఆ చిటికెడు కూడా కానిది గ్రామ్ పాజిటివ్‌లను (గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్షలో ఊదాగా కనిపించేవాటిని) చాలావరకు నోరెత్తనివ్వదు. డబ్బా కొనేటప్పుడు లేబుల్ చదవండి, క్రిస్టల్ వయొలెట్ లేని మెకాంకీ కూడా అమ్ముతారు. అది పోసి ఎంటరోకాకై (పేగుల్లో ఉండే గ్రామ్ పాజిటివ్ రకం) ఎందుకు పెరిగాయని తల పట్టుకున్నవాళ్లను చూశాను. మిగిలినవి లాక్టోజ్ అనే పాల చక్కెర, న్యూట్రల్ రెడ్ అనే రంగు. లాక్టోజ్ తినే ఈ.కోలై, క్లెబ్సియెల్లా గులాబీ రంగులో వస్తాయి. తినని సాల్మొనెల్లా, షిగెల్లా, ప్రోటియస్ రంగు లేకుండా పాలిపోయి ఉంటాయి.

మెకాంకీ పోయడం

మా దగ్గరి డబ్బా మీద లీటరుకు 50 గ్రాములని ఉంది. కంపెనీని బట్టి, ఫార్ములాను బట్టి ఈ లెక్క మారుతుంది, కాబట్టి అలవాటు మీద తూచకండి. అర లీటరు చేద్దాం, 25 గ్రాములు. ఫ్లాస్కు లీటరుది తీసుకోండి. ఉడికే మీడియం పాలలాగే పొంగుతుంది, సగం ఖాళీ ఉండాల్సిందే.

తూచేటప్పుడు డబ్బా మూత ఎక్కువసేపు తెరిచి ఉంచొద్దు. వానాకాలంలో ఈ పొడి గాలిలో తేమను లాగేసి బెల్లం గడ్డలా అవుతుంది. గడ్డకట్టిన పొడిని స్పూనుతో పొడిచి వాడే అలవాటు మా అటెండర్ అన్నకు ఉండేది, మాన్పించడానికి రెండేళ్లు పట్టింది. గడ్డకట్టినా, రంగు మారినా పారేయడమే. ధర చూసి మనసొప్పదు, కానీ ఆ ప్లేటు మీద వచ్చే రిజల్ట్‌ను నమ్మడానికి లేదు.

నీళ్లు డిస్టిల్డ్‌వే. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం. మా బిల్డింగు బోరు నీళ్లు కాచిన గిన్నెకు వారంలో తెల్ల పొర కడుతుంది. ఆ పొర మీ మీడియంలో ఉంటే పీహెచ్ పక్కకు పోతుంది, మీడియం మసకబారుతుంది. పీహెచ్ 7.1 దగ్గర ఉండాలి, 0.2 అటూ ఇటూ పర్వాలేదు. మీడియం చల్లబడ్డాక చూడాలి, వేడి మీద మీటరు చెప్పే అంకె వేరు.

పొడి వేసి, తిప్పుతూ మరిగించండి. అగార్ పూర్తిగా కరగాలి, ఫ్లాస్కు గోడ మీద చిన్న చిన్న రేణువులు కనిపించకూడదు. ఈ అగార్ ఎవరో కాదు, మన బేగంబజార్‌లో చైనా గ్రాస్ అని అమ్మేదే. ల్యాబుకు వాడేది బాగా శుద్ధి చేసిన రకం, అంతే తేడా. 1880ల మొదట్లో జర్మనీలో బాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ల్యాబ్‌లో అందరూ జెలటిన్‌తో అవస్థ పడుతుంటే, వంటింట్లో జెల్లీలకు అగార్ వాడే ఫానీ హెస్సే ఆ సలహా ఇచ్చింది. ఆమె భర్త అక్కడ పనిచేసేవాడు. జెలటిన్ 37 డిగ్రీల్లో నిలవదు, పైగా కొన్ని బాక్టీరియా దాన్ని కరిగించుకుని తాగేస్తాయి. మన మే నెలలో అయితే ఇంక్యుబేటర్ (బాక్టీరియాను పెంచే వెచ్చటి పెట్టె) దాకా ఎందుకు, టేబుల్ మీదే నీళ్లయిపోయేది. అగార్‌కు ఆ బాధ లేదు. 85 డిగ్రీల దాకా కరగదు, ఒకసారి కరిగితే 40 దాటి కిందికి వచ్చేదాకా గట్టిపడదు. ప్లేట్లు పోయడానికి మనకు దొరికే తీరిక అదే.

తర్వాత ఆటోక్లేవ్, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది. 121 డిగ్రీలు, 15 నిమిషాలు. ఇక్కడ హైదరాబాద్ వాళ్లకు ఒక మెలిక ఉంది. 15 పౌండ్ల ప్రెషర్ అంటే 121 అని పుస్తకంలో ఉంటుంది. అది సముద్రం పక్కన ఉన్నవాళ్ల లెక్క. మనం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నాం, బయటి గాలి ఒత్తిడి తక్కువ. ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. గేజ్ ముల్లు 15 చూపించినా లోపల 120 మాత్రమే ఉంటుంది. ఒక డిగ్రీ తేడాకు కొంప మునగదు గానీ, పాత ఆటోక్లేవ్‌లో గాలి సరిగ్గా బయటికి పోకపోతే ఆ ఒకటి నాలుగైదు డిగ్రీలవుతుంది. కాబట్టి ముల్లును కాదు, థర్మామీటర్‌ను చూడండి. మూత పెట్టాక ఆవిరి ధారగా, ఆగకుండా వచ్చేదాకా పైన వాల్వు తెరిచే ఉంచండి, ఆ తర్వాతే మూయండి. వారానికోసారి స్టీరోథెర్మోఫిలస్ అనే వేడికి ఓర్చే బాక్టీరియా బీజాల ఆంప్యూల్ లోపల పెట్టి, అవి చచ్చాయో లేదో చూస్తే అనుమానం మిగలదు.

15 నిమిషాలు చాల్లేదేమో అని ఇంకో 15 ఇచ్చే భక్తులు కూడా ఉంటారు. చక్కెరలు మాడతాయి, అగార్ బలం పోయి ప్లేటు మెత్తగా జావలా అవుతుంది, లూప్ (బాక్టీరియాను గీసే తీగ) గీస్తే చీరుకుపోతుంది.

బయటికి తీశాక 45–50 డిగ్రీలకు చల్లారనివ్వాలి. వాటర్ బాత్ ఉంటే సరే. లేకపోతే ఫ్లాస్కు అడుగును అరచేత్తో పట్టుకోండి, చురుక్కుమనాలి, కానీ వదిలేయాలనిపించకూడదు. మరీ వేడిగా పోస్తే మూతల నిండా చెమట పడుతుంది. ఆలస్యం చేస్తే ఫ్లాస్కులోనే ఉండలు కడుతుంది. పోసేముందు ఫ్యాన్ ఆపండి. ఇది రాయాల్సిన మాటేనా అనిపించొచ్చు, కానీ ఏప్రిల్‌లో ఫ్యాన్ ఆపమంటే మా పిల్లలు నన్ను చూసే చూపు మీరు చూడలేదు. బర్నర్ పక్కన, మూత పూర్తిగా తీయకుండా ఓరగా ఎత్తి, ప్లేటుకు 20 మిల్లీలీటర్లు. అర లీటరుకు 24, 25 ప్లేట్లు వస్తాయి. 30 వచ్చాయంటే పలచగా పోశారని అర్థం, అవి ఇంక్యుబేటర్‌లో ఎండి అంచులు లేస్తాయి. పైన బుడగలుంటే గట్టిపడకముందే బర్నర్ మంటను ఒక్కసారి అలా మీదుగా పోనిస్తే పగిలిపోతాయి.

గట్టిపడ్డాక బోర్లించి, మూత కాస్త పక్కకు జరిపి, 37 డిగ్రీల్లో 20–30 నిమిషాలు ఆరబెట్టండి. జులై, ఆగస్టుల్లో ఇది తప్పనిసరి. తడి ప్లేటు మీద కాలనీలు ఒకదానిలోకి ఒకటి కారిపోతాయి. ఆ రెండు నెలల్లోనే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు జనం పెరుగుతారు, మాకు నీళ్ల శాంపిల్స్ పెరుగుతాయి, తొందరలో ఆరబెట్టడం మరిచిపోతాం.

శాంపిల్ పేరు, తారీకు ప్లేటు అడుగున రాయండి. మూత మీద కాదు. రెండు ప్లేట్లు ఒకేసారి తెరిస్తే మూతలు మారిపోతాయి, అడుగులు మారవు.

ప్రతి బ్యాచ్‌కూ పరీక్ష

శాంపిల్ ముట్టుకునే ముందు రెండు ఖాళీ ప్లేట్లు రాత్రంతా ఇంక్యుబేటర్‌లో పెట్టండి. తెల్లారేసరికి ఏమైనా మొలిస్తే బ్యాచ్ అంతా చెత్తబుట్టకే. అది బాగుంటే ఇంకో రెండు ప్లేట్ల మీద తెలిసిన బాక్టీరియాను గీయండి. మెకాంకీకి మేం ఈ.కోలై ఏటీసీసీ 25922, స్టెఫైలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 25923 వాడతాం. ఏటీసీసీ అంటే తెలిసిన రకాలను భద్రపరిచే అమెరికా సంస్థ, అంకె ఆ రకం నంబరు. మొదటిది గులాబీగా బాగా రావాలి, రెండోది రాకూడదు. రావాల్సింది వచ్చిందని సంబరపడి రెండోదాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. న్యూట్రియెంట్ అగార్ అంటే ఎవరినీ ఆపని మామూలు మీడియం. ఆపని సెలెక్టివ్ ప్లేటు, ఖరీదైన న్యూట్రియెంట్ అగార్ అంతే.

మానిటాల్ సాల్ట్‌కు పెద్దగా చెప్పేదేం లేదు. లీటరుకు 111 గ్రాములు, అందులో 75 ఉప్పే కాబట్టి డబ్బా త్వరగా అయిపోతుంది. ఆటోక్లేవ్ చేయొచ్చు. క్యాంటీన్ వంటవాళ్ల చేతి స్వాబ్‌లకు మేం ఇదే పోస్తాం. పసుపు కాలనీ వచ్చిందని ఆరియస్ అని రాసేయొద్దు, ఇంకొన్ని స్టెఫైలోకాకస్ రకాలు కూడా మానిటాల్ తింటాయి. ప్లాస్మాను గడ్డకట్టిస్తుందో లేదో చూసే కోయాగ్యులేజ్ టెస్టు చేశాకే పేరు.

ఎక్స్‌ఎల్‌డీ, నా బోనాల కథ

సాల్మొనెల్లా కోసం పోసే ఎక్స్‌ఎల్‌డీని (జైలోజ్ లైసిన్ డియాక్సీకోలేట్ అగార్) ఆటోక్లేవ్ చేయకూడదు. ఇంకోసారి చెప్తున్నా, చేయకూడదు. తిప్పుతూ మరిగే దాకా వేడి చేసి, దింపేసి, 50కి రాగానే పోసేయాలి. ఎక్కువ కాచినా, వాటర్ బాత్‌లో గంటలకొద్దీ ఉంచినా లోపల తెల్లగా విరుగుడు దిగుతుంది. కలరా బాక్టీరియా కోసం వాడే టీసీబీఎస్ కూడా ఈ కోవకే చెందుతుంది.

ఈ ప్లేటు పనితనం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఇందులో జైలోజ్ కొద్దిగా, లాక్టోజ్, సుక్రోజ్ దండిగా, లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటాయి. సాల్మొనెల్లా ముందు జైలోజ్ తింటుంది. ఆమ్లం పుట్టి ప్లేటు పసుపవుతుంది. జైలోజ్ కొంచెమే కాబట్టి అయిపోతుంది. లాక్టోజ్, సుక్రోజ్ దానికి సయించవు. అప్పుడు లైసిన్ మీద పడుతుంది, దాన్ని విడగొడితే క్షారం పుడుతుంది, పసుపు మళ్లీ ఎరుపవుతుంది. ఈ.కోలై లాంటి కొన్ని కోలిఫామ్‌లకు కూడా లైసిన్‌ను విడగొట్టడం వచ్చు, కానీ వాటి ముందు లాక్టోజ్, సుక్రోజ్ విస్తరి నిండా ఉన్నాయి. తింటూ ఆమ్లం వదులుతూనే ఉంటాయి కాబట్టి అవి పసుపుగానే ఉండిపోతాయి. ఇక థయోసల్ఫేట్ నుంచి సాల్మొనెల్లా హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తుంది, అది మీడియంలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. అందుకే ఎర్ర కాలనీ, మధ్యలో నల్లబొట్టు. అన్ని సాల్మొనెల్లాలకూ ఆ బొట్టు ఉండదు, బొట్టున్నవన్నీ సాల్మొనెల్లా కావు.

ఈ చివరి మాట నేను అవమానపడి నేర్చుకున్నది. చాలా ఏళ్ల కింద, వేరే ల్యాబ్‌లో ఉన్నప్పుడు, ఒక కేటరింగ్ వాళ్ల చికెన్ శాంపిల్‌ను శనివారం సాయంత్రం ఎక్స్‌ఎల్‌డీ మీద గీసి ఇంక్యుబేటర్‌లో పెట్టా. ఆదివారం బోనాలు, సోమవారం సెలవు. మంగళవారం పొద్దున తెరిస్తే ఎర్రటి కాలనీలు, నల్లటి నడిబొడ్డు. పుస్తకంలో బొమ్మ ఉన్నట్టే. నేను ఆగలేకపోయా, ఫోన్ తీసి వాళ్లకు సాల్మొనెల్లా ఉండొచ్చని చెప్పేశా. ఆ సాయంత్రమే, యూరియాను విడగొడుతుందో లేదో చూసే యూరియేజ్ ట్యూబ్ ముదురు గులాబీ రంగుకు తిరిగింది. సాల్మొనెల్లా అలా తిప్పదు. అది ప్రోటియస్. 24 గంటలకు చూసుంటే పసుపుగా కనిపించేది. చక్కెరలు అయిపోయాక బాక్టీరియా మీడియంలోని అమైనో ఆమ్లాల మీద పడి క్షారం వదిలింది, మూడో రోజుకు ప్లేటంతా ఎర్రబడి నన్ను వెర్రిదాన్ని చేసింది. ఎక్స్‌ఎల్‌డీని 18–24 గంటలకు చదవాలి. 48 దాటితే దాని మాట వినొద్దు. అప్పటినుంచి శనివారం సాయంత్రం నేను ఎక్స్‌ఎల్‌డీ గీయను, పండగ ముందు అసలే గీయను.

ఇంకో మాట. తిండి శాంపిల్‌ను నేరుగా ఎక్స్‌ఎల్‌డీ మీద గీస్తే సాల్మొనెల్లా ఉన్నా దొరకకపోవచ్చు. వండడంలో, ఫ్రీజర్‌లో, క్లోరిన్ నీళ్లలో అది సగం చచ్చి ఉంటుంది. మనం ఇతరుల్ని ఆపడానికి వేసిన డియాక్సీకోలేట్ అనే బైల్ సాల్ట్ ఆ నీరసపడ్డదాన్ని కూడా ఆపేస్తుంది. అందుకే 25 గ్రాముల శాంపిల్‌ను 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్ అనే, ఎవరినీ ఆపని పోషక ద్రవంలో వేసి 37 డిగ్రీల్లో ఒక రాత్రి ఉంచుతాం. జ్వరం తగ్గినవాడికి ముందు గంజి పోసినట్టు. ఆ తర్వాత అందులోంచి 0.1 మిల్లీలీటరు తీసి 10 మిల్లీలీటర్ల రాపపోర్ట్ వాసిలియాడిస్ బ్రాత్‌లో (బ్రాత్ అంటే ద్రవ మీడియం, ఇది ఇతరుల్ని ఆపి సాల్మొనెల్లాను పెంచేది), 41.5 డిగ్రీల్లో ఇంకో రోజు. ఎక్స్‌ఎల్‌డీ వంతు వచ్చేది అప్పుడే.

ఆ హాస్టల్ నీళ్లు

తాగే నీళ్లకు మన ప్రమాణం ఐఎస్ 10500. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై ఒక్కటి కూడా దొరకకూడదు. శాంపిల్‌ను ముందు మెకాంకీ బ్రాత్ ట్యూబుల్లో వేశాం, లోపల బోర్లించిన చిన్న డర్హామ్ ట్యూబుతో. మర్నాటికి ఊదా రంగు బ్రాత్ పసుపైంది, చిన్న ట్యూబులో గాలి బుడగ నిలిచింది. లాక్టోజ్ తిని ఆమ్లం, గ్యాస్ వదిలేవి ఉన్నాయన్నమాట. అందులోంచి ఒక లూప్ తీసి ఆ అమ్మాయి పోసిన మెకాంకీ ప్లేటు మీద గీయించాను. లూప్ ఎర్రగా కాలాలి, చల్లారాలి, ఒక మూల గీశాక మళ్లీ కాల్చి పక్క మూలకు. నాలుగో మూలకొచ్చేసరికి విడివిడి కాలనీలు రావాలి.

వచ్చాయి. గులాబీ రంగు, చుట్టూ బైల్ దిగి మసక వలయం, ఒకే రకం. ఆమె ముఖం వెలిగిపోయింది. "ప్యూర్‌గా వచ్చింది మేడమ్, ఇండోల్ పెట్టేస్తా" అంది. ఈ.కోలైని గుర్తించడానికి చేసే బయోకెమికల్ టెస్టు అది. ఆగమని, అదే కాలనీని సూదితో నడిమి నుంచి మాత్రమే ముట్టుకుని న్యూట్రియెంట్ అగార్ మీద గీయమన్నా.

సెలెక్టివ్ మీడియం ఆపిందంటే చంపిందని కాదు. చాలాసార్లు ఆ ఆగినవి గులాబీ కాలనీ కిందే, పక్కనే, ఊపిరి బిగబట్టి కూర్చుంటాయి. ఆంక్షలు లేని ప్లేటు దొరకగానే లేచొస్తాయి. అందుకే ఏ బయోకెమికల్ టెస్టూ సెలెక్టివ్ ప్లేటు మీది కాలనీతో నేరుగా చేయొద్దు.

మర్నాడు న్యూట్రియెంట్ అగార్ మీద పెద్ద బూడిద రంగు కాలనీల మధ్య సూదిమొనంత తెల్ల కాలనీలు పది పన్నెండు ఉన్నాయి. ఆమె గ్రామ్ స్టెయిన్ చేసి మైక్రోస్కోపులో చూసింది. ఊదా రంగు గుండ్రటివి, జంటలుగా, పొట్టి గొలుసులుగా. "ఎంటరోకాకస్‌లా ఉంది మేడమ్. ఇది మెకాంకీ మీద ఎక్కడుంది?" అంది. బ్రాత్‌లో క్రిస్టల్ వయొలెట్ లేదు కదమ్మా, అక్కడ హాయిగా పెరిగి, ప్లేటు మీదికొచ్చి నోరు మూసుకుంది అన్నా.

ఆమె ఇంకేం అడగలేదు. పెద్ద కాలనీ ఒకటి, చిన్న కాలనీ ఒకటి ఎంచుకుని రెండు కొత్త ప్లేట్ల మీద విడిగా గీసింది, మార్కర్ తీసి రెంటికీ అడుగున తారీకు వేసింది. పాత ప్లేట్లన్నీ ఆటోక్లేవ్ కవర్లో కట్టి, చెత్తబుట్టలో కాదు, ఆటోక్లేవ్ పక్కన పెట్టమని నేనే గుర్తు చేయాల్సి వచ్చింది.